రంగు తుడవమంటే అక్షరాలు తుడిచేశారు

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల (రాతలో ఒక తరహా అక్షరాల వరసల్ని వెతికి పట్టే సూత్రాలు, వీటినే ప్యాటర్న్‌లు అంటాం) మీద నాకు కోపం లేదు. ఎక్కడి నుంచో ఒక ప్యాటర్న్ తెచ్చి, చదవకుండా అతికించి, "పనిచేస్తోంది" అని చేతులు దులుపుకొనే అలవాటు మీదే నా కోపమంతా. టెర్మినల్ (ఆజ్ఞలు టైపు చేసి, జవాబులు అక్షరాల్లో చూసే తెర) రంగుల కోడ్‌లను తీసేసే ప్యాటర్న్ దగ్గర ఈ అలవాటు మరీ ముదిరిపోయింది. పొడవుగానే రాస్తున్నాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. టెర్మినల్లో ఎర్రగా కనిపించే మాటకు ముందు కొన్ని కనిపించని బైట్లు ఉంటాయి. మొదటిది ఎస్కేప్, దాని విలువ 27. ఆ తర్వాత [ గుర్తు, తర్వాత 31 అనే అంకె, చివర చిన్న ఎం అక్షరం. టెర్మినల్ ఈ వరసను తెర మీద చూపించదు, ఆజ్ఞగా తీసుకుని రంగు మారుస్తుంది. 31 బదులు 0 వస్తే మళ్లీ మామూలు రంగు. 1978లో డెక్ సంస్థ తెచ్చిన వీటీ100తో ఈ పద్ధతి బాగా ప్రచారంలోకి వచ్చింది. ఈ కోడ్‌ల నియమాలు చెప్పే ఎక్మా-48 అనే ప్రమాణం అంతకు ముందే, 1976లోనే వెలువడింది. అదే వరస ఫైల్లోకి వెళ్తే ఆజ్ఞ పాటించడానికి అక్కడ టెర్మినల్ ఉండదు. చెత్త అంతా వాక్యాల మధ్యే ఉండిపోతుంది.

దాన్ని తీసెయ్యడానికి అందరూ వాడే ప్యాటర్న్ ఒకటుంది: ఎస్కేప్, [, అంకెలూ సెమికోలన్లూ ఎన్నైనా, చివర ఎం. రంగు వరకు ఇది సరిపోతుంది. కానీ ఆ చివరి అక్షరం ఎం మాత్రమే కావాలని ఎవరు చెప్పారు? ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్ ప్రోగ్రాం ప్రతి రంగు కోడ్ వెనకా, వరుస చివరిదాకా తుడిచెయ్యమనే కే కోడ్‌ను కూడా పంపుతుంది. అది మిగిలిపోతుంది. ఎక్స్‌టర్మ్ రకం టెర్మినళ్లలో, టెర్మినల్‌కు కోడ్‌లు పంపే టీపుట్‌తో రంగు రద్దు చేస్తే ఎస్కేప్ పక్కన ఒక కుండలీకరణం, పెద్ద బీ అక్షరం అదనంగా వస్తాయి. లాగ్ (ప్రోగ్రాం తన పనుల్ని రాసుకునే ఫైలు) నిండా ఆ బీలు చూసి "ఇదేదో కొత్త ఎర్రర్ కోడ్" అని వెతికినవాళ్లు నాకు తెలుసు. కర్సర్‌ను దాచే కోడ్‌లో ప్రశ్నార్థకం ఉంటుంది, కొన్ని ప్రోగ్రాములు పూర్తి రంగుల్ని కోలన్లతో రాస్తాయి. ఈ రెండూ ఆ ప్యాటర్న్‌కు దొరకవు.

అసలు నియమం చూస్తే ఎంత తేలికో! [ తర్వాత 48 నుంచి 63 వరకు విలువలున్న బైట్లు ఎన్నైనా, తర్వాత 32 నుంచి 47 వరకు ఎన్నైనా, చివరికి 64 నుంచి 126 లోపు ఒకే ఒక్కటి. ఇంతే. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ కోసమే పుట్టినట్టున్న వ్యాకరణం ఇది. ఎక్మా-48 ఐదో కూర్పు 1991 నాటిది, ఆ సంస్థ దాన్ని ఉచితంగానే ఇస్తుంది. సంబంధిత పేజీ చదవడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టదు. కిటికీ శీర్షికలకు, లింకులకు వాడే కోడ్‌ల సంగతి వేరు. అవి ఎస్కేప్, ] గుర్తులతో మొదలై, 7 విలువ ఉన్న గంట బైటుతోనో, ఎస్కేప్ పక్కన \ గుర్తుతోనో ముగుస్తాయి. అక్కడ "గంట దాకా ఏదైనా" అని అత్యాశతో, అంటే వీలైనంత పొడవు మింగేలా, రాస్తే మొదటి శీర్షిక నుంచి చివరి గంట దాకా మధ్యలో ఉన్న లాగ్ అంతా గల్లంతే.

ఇక నన్ను ఈ పోస్ట్ రాయించిన సంగతి. శ్రీకాకుళం జిల్లాలో చిన్న వ్యాపారుల కంప్యూటర్ పనులు చూస్తుంటాను. పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర, ఏ ఊరికి ఎన్ని డబ్బాలు వెళ్లాయో చూపించే ప్రోగ్రాం ఉంది. వెళ్లినవి ఆకుపచ్చ, ఆగినవి ఎరుపు. అక్కడ పనిచేసే కుర్రవాడు ఆ జాబితాను ఫైల్లోకి మళ్లించి, రంగులు తీసేసి, సాయంత్రం యజమానికి పంపే ఏర్పాటు చేశాడు. యజమాని నాకు ఫోన్ చేశారు. "బాబూ, 'లి' అనే ఊరు ఎక్కడుంది? 'సప'కు 20 డబ్బాలు ఎందుకు పంపాం?"

ఫైలు తెరిచాను. టెక్కలి "లి" అయింది. సోంపేట "సప". మందస "మదస". ఆమదాలవలస తల తెగి "మదాలవలస". ఇచ్ఛాపురం "ఛాపర". పలాస మాత్రం చెక్కుచెదరలేదు. కుర్రవాడు పరీక్షించింది ఆ ఒక్క పేరుతోనే. "పలాస సరిగానే వచ్చింది కదా సార్" అన్నాడు, పాపం నిజమే.

కారణం ఇదీ. పాత ఎనిమిది బిట్ల పద్ధతిలో ఎస్కేప్ లేకుండా 128 నుంచి 159 వరకు ఉన్న ఒంటరి బైట్లు కూడా ఆజ్ఞలే. [ తో మొదలయ్యే వరసకు బదులు 155 ఒక్కటే చాలు. కుర్రవాడు తెచ్చిన ప్యాటర్న్ వాటన్నిటినీ ఏరిపారేస్తుంది. అక్షరాలను బైట్లుగా రాసే నేటి పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ప్రతిదీ మూడు బైట్లు. మూడో బైటు 128 నుంచి 191 మధ్య ఉంటుంది. అచ్చులు, సున్నా, క నుంచి ట వరకు హల్లులు, పొల్లు, కొమ్ము, ఏత్వం, ఓత్వం అన్నీ 128 నుంచి 159 అనే ఆ ప్రమాదపు పరిధిలోనే పడతాయి. ఠ నుంచి హ వరకు హల్లులు, దీర్ఘం, గుడి బయటపడతాయి. పలాసలో ఉన్నవన్నీ ఆ బయటపడ్డ బాపతే. తమాషా ఏమిటంటే, ఛ అక్షరం మూడో బైటు సరిగ్గా 155. అయినా అది బతికింది, ఎందుకంటే దాని పక్కన వచ్చిన 224 (తర్వాతి తెలుగు అక్షరం మొదటి బైటు) ఏ ఆజ్ఞకూ కొనసాగింపు కాదు.

ఆ ప్యాటర్న్ రాసిన మనిషిని నేను తప్పుపట్టను. అది ఎనిమిది బిట్ల పద్ధతిలోని రాతకు రాసింది, ఆ సందర్భంలో సరైనదే. దాన్ని యూటీఎఫ్-8 బైట్ల మీద నడపడం మొదటి తప్పు. అంతకన్నా పెద్ద తప్పు, తెగిపోయిన బైట్లను అక్షరాలుగా మార్చేటప్పుడు "చదవలేనివి వదిలెయ్యి" అనే ఐచ్ఛికం పెట్టడం. అది పెట్టకపోతే ప్రోగ్రాం మొదటి రోజే ఆగిపోయి మొత్తుకునేది. నోరు నొక్కేశారు కాబట్టి టెక్కలి నిశ్శబ్దంగా లి అయిపోయింది. ముందు బైట్లను అక్షరాలుగా మార్చాలి, ఆ తర్వాతే 27తో మొదలయ్యే వరసల్ని తీసెయ్యాలి. ఈ క్రమం తిరగబడకూడదు.

అసలు రంగు వేసి మళ్లీ తుడవడం ఎందుకు? తన అవుట్‌పుట్ టెర్మినల్‌కు వెళ్తోందో ఫైల్లోకి వెళ్తోందో ప్రోగ్రాం తెలుసుకోగలదు. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్, గ్రెప్‌లలో రంగుకు ఆటో అనే ఐచ్ఛికం ఉన్నది దీనికే. రంగు వద్దని ప్రోగ్రాములకు చెప్పే నో కలర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను గౌరవించాలనే ఒప్పందం 2017 నుంచి ఉంది. పలాసలో నేను చేసిందీ అదే: ప్రోగ్రాంలో ఫైలుకు రంగు ఆపేశాను, ప్యాటర్న్ అవసరమే లేకుండా పోయింది.

ఎంత మంచి ప్యాటర్న్ అయినా చెయ్యలేని పని ఒకటుంది. డౌన్‌లోడ్ శాతం చూపించే గీత ఒకే వరుస మీద మళ్లీ మళ్లీ రాసుకుంటుంది. కోడ్‌లు తీసేస్తే ఆ శాతాలన్నీ ఒకదాని వెనక ఒకటి ఫైల్లో బారులు తీరతాయి. చివరికి తెర మీద ఏమి మిగిలిందో ప్యాటర్న్‌కు తెలియదు. అది కావాలంటే టెర్మినల్ చేసే పనంతా చేసే ప్రోగ్రామే కావాలి.

"ఈ పనికి సిద్ధంగా రాసిపెట్టిన లైబ్రరీలు ఉండగా ఇదంతా ఎందుకు" అనేవాళ్లు ఉంటారు. నిక్షేపంగా వాడండి. కాకపోతే ఆ లైబ్రరీ బైట్లు తీసుకుంటుందో అక్షరాలు తీసుకుంటుందో చూసి, ఇచ్ఛాపురం, టెక్కలి, సోంపేట ఇచ్చి నడపండి. పలాసతో మాత్రం పరీక్షించకండి.