రీమ్యాప్ బండికి దోష పరిహార విధి

స్విఫ్ట్ డీజిల్ 1.3 లీటర్ల ఇంజిన్‌కు కంపెనీ ఇచ్చిన టార్క్, అంటే తిప్పే బలం, 190 న్యూటన్ మీటర్లు. అది చాలదని తేలడానికి ఫ్లైఓవర్ మీద ఒక్క ఇన్నోవా దాటిపోతే సరిపోతుంది. మర్నాడే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూలో, బలం పెంచే కొత్త ఫైలు; దీన్నే రీమ్యాప్ అంటారు. కంప్యూటర్‌కు ప్రమోషన్ వచ్చింది. క్లచ్ ప్లేటు, ఇంటర్‌కూలర్ పైపు, డీజిల్ ఫిల్టర్ మాత్రం పాత జీతానికే కొత్త డ్యూటీ చేయాలి.

కొన్నాళ్లకు ఏదో ఘాట్ ఎక్కుతుండగా పసుపు దీపం వెలిగి, బండి 3000 ఆర్‌పీఎం దాటనని మొరాయిస్తుంది. ఇంజిన్ పాడవకుండా ఈసీయూ తనంతట తానే బలం తగ్గించుకునే ఈ స్థితే లింప్ మోడ్. బండి మొత్తంలో బుద్ధి మిగిలింది దానికొక్కదానికే కాబట్టి ముందు దాని నోరే మూయించాలి: స్కానర్ పెట్టి, ఈసీయూ రాసుకున్న తప్పు కోడ్ చెరిపేయాలి. దాంతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. తప్పు జరిగిన క్షణంలో ఆర్‌పీఎం, లోడు, వేగం ఎంతో రాసిపెట్టిన మరణ వాంగ్మూలం అది. వాంగ్మూలం చించేసి హంతకుణ్ణి పట్టుకోవడమే కదా అసలు ప్రతిభ!

చాదస్తులు కొందరు ముందు కోడ్‌ను ఫొటో తీసుకుంటారు. పీ0299 అంటే టర్బో నుంచి ఈసీయూ అడిగినంత గాలి అందడం లేదని. వీళ్లు ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ రీడింగ్ చూస్తారు. విశాఖలో 101, హైదరాబాద్‌లో 95 కిలోపాస్కల్ దగ్గర, అంటే బయటి గాలి ఒత్తిడంత ఉంటే సెన్సర్ మీద అనుమానం చాలావరకు తీరినట్టే. తర్వాత ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో పూర్తిగా తొక్కి, ఈసీయూ కోరిన బూస్టూ (టర్బో గాలి ఒత్తిడి) వచ్చిన బూస్టూ లాగ్ చేస్తారు. ఎడం పెరిగితే బానెట్ ఎత్తి, పైపు జాయింట్ల దగ్గర నూనె తడి వెతుకుతారు. అక్కడ వదులైన క్లిప్పు ఒకటి దొరుకుతుంది. స్క్రూడ్రైవర్‌తో రెండు తిప్పులు, అంతే. ఇంత పరువు తక్కువ వైద్యానికి ఏ యజమాని ఒప్పుకుంటాడు? వేలు పోసి తెచ్చుకున్న జబ్బుకు వేలు పోసే మందే కావాలి, అంటే ఇంకో ఫైలు.

పీ0087 వస్తే, ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టంలో (దాని పేరే రైలు) ఒత్తిడి తక్కువని. కొత్త ఫైలు ఎక్కువ అడిగింది, మూసుకుపోయిన ఫిల్టర్ ఇవ్వలేకపోయింది. పాపం, దానికి రీమ్యాప్ సంగతి ఎవరూ చెప్పలేదు. కోడే లేకుండా నాలుగో గేరులో ఆర్‌పీఎం ముల్లు లేచి వేగం లేవకపోతే అది క్లచ్ జారడం. దానికి సాఫ్ట్‌వేర్ ఇంకా పుట్టలేదు.

ఇక ఫైలెక్కించే క్రతువు. తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ ఫ్యాను, లైట్లు కరెంటు తాగుతూనే ఉంటాయి; అందుకే 13 వోల్టులు తగ్గకుండా నిలిపే సప్లై బ్యాటరీకి తగిలించాలి. సంప్రదాయం ప్రకారం దాన్ని మానేసి ఏసీ కూడా వేసుకుంటారు. 80 శాతం దగ్గర వోల్టేజీ పడిందా, సగం పాత ఫైలు, సగం కొత్త ఫైలుతో ఈసీయూ అర్ధనారీశ్వరుడవుతుంది. బండి స్టార్టవదు. డబ్బా విప్పి బల్ల మీద పెట్టి, పిన్నులకు నేరుగా వైర్లు కలిపి మళ్లీ రాయాలి. ఫైలు చెడలేదని ఈసీయూ సరిచూసుకునే లెక్క, చెక్‌సమ్, సరిచేయని చౌక నకిలీ టూల్‌తోనూ ఇదే భాగ్యం దక్కవచ్చు.

ఇన్ని గండాలు గడిచాక బండి సర్వీసుకు వెళ్తుంది. అక్కడ ఈసీయూకు కంపెనీ అప్‌డేట్ ఎక్కిస్తే రీమ్యాప్ తుడిచిపెట్టుకుపోయి పాత 190 తిరిగొస్తుంది. ఆ ముక్క బిల్లులో ఉండదు. సాయంత్రం యజమాని స్నేహితుడి చేతికి తాళం ఇచ్చి, ‘ఒక్కసారి తొక్కి చూడు మామా, పికప్ ఎట్లుందో!’ అంటాడు. మామ తొక్కి చూసి, అదిరిపోయిందంటాడు.