డాక్యుమెంటేషన్ చదివితే ప్రోగ్రామర్ కాడా?

శ్రీకాకుళం, విజయనగరం ఇంజినీరింగ్ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. కోడ్ రాస్తూ మెథడ్ (పేరు పెట్టి పిలిచే కోడ్ ముక్క) మీద మౌస్ పెట్టి, ఎడిటర్‌లో తెరుచుకునే చిన్న పెట్టెలో డాక్యుమెంటేషన్ (అది ఏం చేస్తుందో చెప్పే వివరణ) చదివేవాడు ప్రోగ్రామరే కాదట. మెథడ్లన్నీ కంఠతా రావాలట. ఆ పెట్టెకి నెట్ కావాలట, దాంతో లాప్‌టాప్ స్లో అవుతుందట, ఇంటర్వ్యూలో అది ఎలాగూ ఉండదట. కింద షరా మామూలే: పదిమందికీ పంపండి.

ముందు కంఠతా సంగతి. జావాలో "శ్రీకాకుళం" అనే స్ట్రింగ్‌కి (అక్షరాల వరుసకి) లెంగ్త్ ఎంతొస్తుందో బట్టీ పట్టినవాణ్ణి అడగండి. వేళ్ల మీద లెక్కపెట్టి నాలుగంటాడు. రన్ చేస్తే 10 వస్తుంది. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం... ఒక్క "శ్రీ"కే నాలుగు అయిపోయాయి. లెంగ్త్ మీద మౌస్ పెడితే వచ్చే పెట్టెలో ఈ సంగతి ఉంది: అది లెక్కపెట్టేది యూనికోడ్ కోడ్ యూనిట్లని, అంటే కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే ముక్కలని. స్ట్రింగ్‌లో ఒకదాని బదులు ఇంకోటి పెట్టే రిప్లేస్‌ఆల్ కూడా అంతే. చుక్కల బదులు గీతలు పెడదామని చుక్కని నేరుగా ఇస్తే, స్ట్రింగ్‌లో ఉన్న ప్రతి అక్షరమూ గీతైపోతుంది, ఎందుకంటే అది తీసుకునేది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే వెతకాల్సిన నమూనా; అందులో చుక్కంటే ఏ అక్షరమైనా అని. మెథడ్ పేరు నోటికొచ్చినా ఇది ఎవరు చెప్తారు?

నెట్ కావాలన్నది శుద్ధ అబద్ధం. జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్)తోపాటే వచ్చే సోర్స్ జిప్‌లో మెథడ్ పైన రాసిన కామెంటునే ఎడిటర్ చూపిస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానంలో కరెంటు, సిగ్నల్ పోయినప్పుడు కూడా లాప్‌టాప్‌లో చార్జింగ్ ఉంటే ఈ పెట్టె తెరుచుకునేది. పైగా గూగుల్‌లో వెతికితే చాలాసార్లు జావా 8 పేజీ తగులుతుంది. ఎడిటర్‌లో మాత్రం మీ ప్రాజెక్టు వాడుతున్న వెర్షన్‌దే కనిపిస్తుంది.

స్లో అవుతుందన్న మాటలో కొంత నిజం ఉంది. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్‌లో ప్రాజెక్టు తెరవగానే ఫ్యాన్ మోత మొదలవుతుంది. కానీ ఆ బరువు కోడ్ మొత్తాన్ని చదివి తప్పులు పట్టే ఏర్పాటుది, ఈ పెట్టెది కాదు. మౌస్ కదిపినప్పుడల్లా పెట్టె అడ్డొస్తోందనుకుంటే హోవర్ (మౌస్ పెడితే పెట్టె తెరుచుకోవడం) ఆపేసి కీలు వాడండి: ఇంటెల్లీజేలో కంట్రోల్-క్యూ, ఎక్లిప్స్‌లో ఎఫ్2, వీఎస్ కోడ్‌లో కంట్రోల్ పట్టుకుని కె, తర్వాత ఐ.

ఇంటర్వ్యూలో ఎడిటర్ ఉండకపోవచ్చు, ఒప్పుకుంటాను. అయితే అక్కడ అడిగేది హ్యాష్‌మ్యాప్ ఎందుకు, ట్రీమ్యాప్ ఎందుకు అని (రెండూ కీ-విలువ జతల్ని దాచేవే). ట్రీమ్యాప్‌లో గెట్, పుట్‌లకి లాగ్ ఎన్ సమయం (ఎన్ అంటే అందులో ఉన్న జతల సంఖ్య) పడుతుందని ఆ క్లాస్ డాక్యుమెంటేషన్ మొదట్లోనే రాసుంది. రోజూ ఆ పెట్టె చదివేవాడికి అది ఊరికే గుర్తుండిపోతుంది.

ఫార్వర్డ్ రాసినాయన వదిలేసిన అసలు ఇబ్బంది ఒకటుంది: కొన్ని లైబ్రరీలకి పెట్టె ఖాళీగా వస్తుంది. సోర్స్ జతకాలేదన్నమాట. మావెన్ (లైబ్రరీలు తెచ్చిపెట్టే పనిముట్టు) ప్రాజెక్టయితే నెట్ ఉన్నప్పుడు "డౌన్‌లోడ్ సోర్సెస్" ఒకసారి నొక్కితే సరి. మీరు రాసిన మెథడ్‌కే ఖాళీగా వస్తే మాత్రం, దాని పైన కామెంట్ రాయాల్సింది మీరే.