జాంబీలొచ్చినా తుఫానొచ్చినా ముందు వెతుక్కునేది బోరింగునే

2011 మే నెలలో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ, జాంబీలు మీదపడితే ఏం చేయాలో జనానికి చెబుతూ ఒక పోస్టు పెట్టింది. చదవడానికి ఎగబడినవాళ్ల తాకిడికి ఆ పేజీ తెరుచుకోవడమే ఆగిపోయింది. శవాలు లేచి రావని వాళ్లకీ తెలుసు. తుఫాను జాగ్రత్తలంటే పక్కన పడేసే కుర్రాళ్లు జాంబీ పేరు చెబితే చదువుతారని అలా చేశారు. మంచి పనే చేశారు. ఆ జాబితాలో మొదటిది నీళ్లు. మనిషికి రోజుకి ఒక గ్యాలన్, అంటే దాదాపు 3.8 లీటర్లు. నలుగురున్న ఇంటికి మూడు రోజులకు 45 లీటర్ల పైమాటే. మన లెక్కలో రెండు క్యాన్లు, ఇంకో చిన్న బిందె.

ఆ జాబితాతో నాకున్న పేచీ ఒక్కటే. అది ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోతుంది. ఈ దారిలోనే ఇంకా ముందుకెళ్లినవాళ్లు అమెరికాలోని కాన్సస్‌లో ఒకప్పుడు క్షిపణిని దాచిన పాత గోతిని కొని, భూమి లోపల అంతస్తులు కట్టి, ఒక్కో ఫ్లాటును లక్షల డాలర్లకు అమ్ముతున్నారు. పక్కవాడు ఆకలితో మన తలుపు బాదుతాడు, కాబట్టి తలుపు మందంగా ఉండాలన్నది ఆ ఆలోచన. జాంబీ కథలన్నింటి కిందా ఉన్న భయం ఇదే. ఈ భయం తప్పని నేను కళ్లారా చూశాను.

2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ తుఫాను విశాఖ మీదికి వచ్చింది. గాలి 180 కిలోమీటర్ల వేగం దాటింది. సాయంత్రానికి కరెంటు లేదు, ఫోను లేదు, ఏటీఎం లేదు. మేముండే అపార్టుమెంటులో సంపు నిండా నీళ్లున్నాయి. మోటారు తిరగదు కాబట్టి పై ట్యాంకులోకి చుక్క ఎక్కదు. మొదటి రోజు తాడు కట్టిన బకెట్టుతో తోడుకున్నాం. రెండో రోజు సాయంత్రానికి సంపు అడుగు కనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది వీధి చివర, చెత్తకుండీ వెనక ఉన్న బోరింగు. ఏళ్లుగా దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు.

నేనూ ఇంకో ఇద్దరం కుర్రాళ్లం వెళ్లి కొట్టడం మొదలుపెట్టాం. నలభై సార్లు కొట్టినా గాలి తప్ప ఏమీ రాలేదు. ఎదురు వరసలో పాలవ్యాపారం చేసే మామ్మ వచ్చి నన్ను పక్కకు తప్పుకోమంది. "చేతులతో కాదు బాబూ, ఒళ్లు వాల్చి కొట్టాలి. మధ్యలో ఆపకు" అని తనే పట్టుకుంది. ఇంకాసేపటికి గొట్టం లోపల గురక పెట్టినట్టు చప్పుడైంది. ముందు తుప్పు నీళ్లు ఎర్రగా పడ్డాయి, తర్వాత తేటబడ్డాయి. గంటలో అక్కడ నలభై బిందెలు వరస కట్టాయి. నాలుగేళ్లుగా లిఫ్టులో కనిపించినా పలకరించని మూడో అంతస్తు ఆయన, ఆ రోజు మా అమ్మ బిందె మోసుకొచ్చి ఇచ్చాడు. కొట్లాటలు జరగలేదు. బాలింతలున్న ఇళ్లకు ముందు పట్టాలని వరసలోనే అనుకున్నారు, అలాగే పట్టారు.

ఇది మా వీధి గొప్పతనం కాదు. 1995 జనవరిలో జపాన్‌లోని కోబేలో భూకంపం వచ్చినప్పుడు శిథిలాల కింద నుంచి బతికి బయటపడ్డవాళ్లలో ఎక్కువమందిని లాగింది ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగువాళ్లే. 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్‌ను ముంచినప్పుడు ఫోన్లు పోయాయి. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతి ప్రసాద్ బృందం అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. ఫలానావాళ్లు క్షేమం అన్న కబుర్లు ఆ బృందం హామ్ రేడియోల మీదే, అంటే అభిరుచి కొద్దీ సొంతంగా నడుపుకునే వైర్‌లెస్ సెట్ల మీదే, ఒడ్డు దాటాయి. బోరింగుకీ హామ్ రేడియోకీ ఒక పోలిక ఉంది. రెండింటికీ పెద్ద వ్యవస్థ అక్కర్లేదు, వాడటం తెలిసిన మనుషులుంటే చాలు.

ఎవరి జాగ్రత్త వాళ్లు పడితే సరిపోదా, వీధి బోరింగు నీళ్లను నమ్మేదెలా అని అడిగేవాళ్లున్నారు. నీళ్ల మాట నిజమే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు వీధిలో పారిందంతా మురుగే. కానీ అదే మురుగు ఇళ్ల సంపుల్లోకీ వెళ్లింది. కింది అంతస్తులో దాచుకున్న బియ్యం, పప్పులు కూడా నీళ్లపాలయ్యాయి. పైఅంతస్తుల్లో చిక్కుకున్నవాళ్లకు డ్రోన్లతో తిండి పంపాల్సి వచ్చింది. బీహార్, అస్సాంలలో వరద మట్టం కంటే ఎత్తుగా దిమ్మె కట్టి, దాని మీద బోరింగు పెడతారు. మనకూ అదే దారి. నీళ్లను కాచుకోవచ్చు, క్లోరిన్ బిళ్ల వేసుకోవచ్చు. అసలు నీళ్లే లేనప్పుడు కాచుకునేదేముంది?

నా అసలు బాధ ఇంకొకటి. ఆ బోరింగు మన వీధుల్లోంచి ఎందుకు మాయమైంది? డెబ్బైల్లో యునిసెఫ్ సాయంతో మన దేశంలోనే తయారైన ఇండియా మార్క్ 2 పంపు అది. దాదాపు 50 మీటర్ల లోతు నుంచి మనిషి బలంతో నీళ్లు లాగుతుంది. గొలుసుకి గ్రీజు, లోపల వాషర్లు, అప్పుడప్పుడూ చూసే మనిషి, ఇంతే దాని ఖర్చు. మనం దాని హ్యాండిల్ పీకి మోటారు బిగించాం. పక్కనే ప్రతి అపార్టుమెంటుకీ సొంత బోరు, సొంత సంపు, సొంత జనరేటరు. ఎవరి గొయ్యి వాళ్లు తవ్వుకుంటూ పోయేసరికి నీటి మట్టం ఎన్నో చోట్ల ఆ 50 మీటర్లకు కిందికి జారింది. అక్కడ ఇప్పుడు బోరింగు పెట్టినా అందదు. చెరువు కప్పేసి, బావి పూడ్చేసి, వేసవిలో ట్యాంకరు కోసం ఫోను పట్టుకుని నిలబడటం మనకు మామూలైపోయింది. కుప్పకూలడం అంటే ఒక్క రాత్రిలో జరిగేదనుకుంటాం. వీధిలో అందరిదీ అయినది ఒక్కొక్కటే పోతుంటే అది జరుగుతున్నట్టే లెక్క.

స్వీడన్ ప్రభుత్వం 2018లో ఇంటింటికీ ఒక పుస్తకం పంపింది, 2024లో మార్చి మళ్లీ పంపింది. కనీసం వారం రోజులు సొంతంగా నెట్టుకురాగలగాలని అందులో చెప్పింది. మన తీరంలో ఏటా తుఫాన్లు వస్తున్నాయి. మరి మన వార్డు సచివాలయం దగ్గర ఏ వీధిలో చేతి పంపుంది, ఏ బావి తోడుకోవడానికి పనికొస్తుంది అన్న కాగితం గోడ మీద ఎందుకు ఉండకూడదు? ఏడాదికొకసారి, అక్టోబరుకు ముందు, వీధివాళ్లంతా చేరి పంపు కొట్టి చూసుకోవడానికి ఒక్క పూట పడుతుంది.

మా వీధి బోరింగు ఇప్పుడు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు హ్యాండిల్ తీసేసి గొట్టానికి ఇనుప మూత బిగించారు. అది ఫుట్‌పాత్ పలకల మధ్య ఇంకా కనిపిస్తుంది. కింద నీళ్లున్నాయని పక్క అపార్టుమెంటు బోరు చెబుతోంది. ఆ మూత విప్పించమని వార్డులో అర్జీ ఇచ్చాను. అందులో సంతకం చేసిన పదహారు మందిలో మూడో అంతస్తు ఆయన ఒకరు.