సవరణ: “ప్రేమలో భయముండదు” అన్నది పౌలు కాదు

పోయిన ఆదివారం పెట్టిన పోస్టులో బైబిల్లోని ఈ మాట అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు (కొరింథు పట్టణంలోని సంఘానికి) రాసిందని చెప్పాను. తప్పు. అది యోహాను రాసిన మొదటి పత్రికలోది (1 యోహాను 4:18). 1 కొరింథీయులు 13లో కూడా ప్రేమ గురించే ఉండటంతో రెండూ కలిపేశాను.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి ఉంది. “నిజమైన విశ్వాసికి భయమే రాదు” అని రాశాను. కాజీపేటలో మా ప్రార్థన కూడికకు వచ్చే ఒక అక్కకు ఈ వారమే ఆపరేషన్. అది చదివి, “నాకు టెన్షన్‌గా ఉంది తమ్ముడూ, అంటే నాకు విశ్వాసం లేనట్టేనా?” అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

యోహాను అక్కడే భయాన్ని దండనతో కలిపి చెప్తాడు. దేవుడు శిక్షిస్తాడేమోనన్న భయం అది, ఆపరేషన్ ముందు వచ్చే వణుకు కాదు. ఆ కొరింథీయులకే పౌలు తాను భయంతో, ఎంతో వణుకుతో వారి దగ్గర ఉన్నానని రాశాడు (1 కొరింథీ 2:3). అయినా సువార్త చెప్పడం ఆపలేదు. తనను పట్టుకునే ముందు గెత్సేమనే తోటలో యేసు కూడా కలవరపడ్డాడు. రోమా 8:15లో పౌలు చెప్పే స్వేచ్ఛ కూడా ఇదే: దాసుడిలా బెదరకుండా, బిడ్డలా “నాన్నా” అని పిలవగలగడం.

పాత పోస్టు సరిదిద్దాను. వాట్సాప్‌లో పంపినవాళ్లు దయచేసి ఇది కూడా పంపండి.