30 అంటే 30 ఏమిటి?

పెళ్లి ముహూర్తం ఎప్పుడని అడిగితే పురోహితుడు పంచాంగం మూసి, "ముప్పై" అని లేచి వెళ్లిపోయాడనుకుందాం. ముప్పై ఏమిటి స్వామీ, ఘడియలా, విఘడియలా? ఘడియలైతే 12 గంటలు, నిదానంగా వంట చేయించుకోవచ్చు. విఘడియలైతే 12 నిమిషాలు, పెళ్లికూతురికి ఇంకా జడ కూడా పూర్తి కాలేదు. వెంటపడి అడిగితే ఆయన వెనక్కి తిరిగి, "అంకె చెప్పాను కదా, కొలత ఏ గ్రంథంలో ఉందో మీరే చదువుకోండి" అంటాడు. పక్క ఊరి పురోహితుణ్ణి పిలిస్తే ఆయనా ముప్పై అనే అంటాడు, లెక్క మాత్రం వేరు. ఇద్దరికీ దక్షిణ దక్కదు సరికదా, పిల్ల మేనమామ చేతిలో పై కండువా కూడా మిగలదు. అదే మనిషి వెబ్ సేవలకు అభ్యర్థనలు పంపే లైబ్రరీ (ప్రోగ్రామర్లు వాడుకునే రెడీమేడ్ కోడ్) రాస్తే మాత్రం ప్రపంచమంతా నెత్తిన పెట్టుకుంటుంది.

జవాబు కోసం ఎంతసేపు ఎదురుచూడాలో చెప్పే టైమౌట్ అనే గడిలో 30 అని వేశారనుకోండి. పైథాన్ భాషలోని రిక్వెస్ట్స్ లైబ్రరీలో అది 30 సెకన్లు. జావాస్క్రిప్ట్‌లోని యాక్సియాస్ లైబ్రరీలో 30 మిల్లీసెకన్లు. గో భాషలోని హెచ్‌టీటీపీ క్లయింటుకు అదే 30 రాస్తే, కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ కిక్కురుమనకుండా ఒప్పుకుంటుంది. అది 30 నానోసెకన్లు. అంతసేపట్లో కాంతి వెళ్లేది 9 మీటర్లు. పోయి రావాలి కాబట్టి సర్వర్ మన ఇంటి అరుగు మీదే, జవాబు చేత్తో పట్టుకుని నిలబడి ఉండాలి. (కొలతల తేడా వల్ల 1999లో నాసా అంగారక నౌక పోయిన కథ మన వాళ్లందరికీ కంఠతా వచ్చు. విన్నారు, నవ్వారు, మళ్లీ 30 అనే రాశారు.)

రస్ట్‌లోని రెక్వెస్ట్ లైబ్రరీ వట్టి 30 ఇస్తే తీసుకోదు. సెకన్లో మిల్లీసెకన్లో చెప్పి, వ్యవధి అనే రకంగా మార్చి ఇవ్వాలి. కూరగాయల బండి దగ్గర "వంకాయలు ముప్పై" అంటే పావుకిలోకా కిలోకా అని అడగకుండా మనం సంచీ తెరుస్తామా? ఆపాటి ఇంగితమే అది.

గడి ఖాళీగా వదిలేస్తే? యాక్సియాస్‌లో అది సున్నా. సున్నా అంటే అసలు ఎదురుచూడకు అని కాదు, ఎప్పటికీ ఎదురుచూస్తూనే ఉండు అని! గోలోనూ అంతే. రిక్వెస్ట్స్‌లో ఏమీ రాయకపోయినా అదే గతి. అందులో 30 అని రాసినా అది మొత్తం గడువు కాదు. సర్వర్ 29 సెకన్లకొక బైటు విదిలిస్తూ పోతే మనం పండగ దాకా కూర్చోవచ్చు.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. పోయిన నెల ఒక ఆసుపత్రి కౌంటరు ముందు మా నాన్న గంటసేపు నిలబడ్డారు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. తప్పయిందని చెప్పదు, ఆగదు, మళ్లీ ప్రయత్నించనివ్వదు. ఎవడో ఒకడు చల్లని గదిలో కూర్చుని ఒక్క అంకె రాయడానికి బద్ధకించాడు. మోకాళ్లు నొప్పులు మాత్రం ఈయనవి, వరుసలో వాళ్ల తిట్లన్నీ కౌంటరులో అమ్మాయివి.

"ఇంకా ఎంతసేపమ్మా?" అని నాన్న అడిగారు.

"రెండు నిమిషాలండీ" అంది ఆ అమ్మాయి. అబద్ధమే. కానీ అబద్ధానికి కూడా కొలత చెప్పింది.