115 పౌండ్ల మనిషి

మోకాలి మీద గడ్డకట్టిన పచ్చి బఠానీల ప్యాకెట్ పెట్టుకుని సోఫాలో కూర్చుని రాస్తున్నా. జరిగింది నిన్ననే. మోకాలి నొప్పి తగ్గుతోంది గానీ కడుపుమంట ఇంకా తగ్గలేదు.

హైదరాబాద్ నుంచి సెలవులకి అమెరికాలో, డెన్వర్‌లో మా తోడల్లుడి ఇంటికి వచ్చాం. నా కంటే పెద్దాయన, అందుకే అన్నయ్య అంటాను. 14 ఏళ్లుగా ఇక్కడే ఉన్నారు. ఆయనకి మంచు మీద జారడానికి కాళ్లకి తగిలించుకునే సొంత స్కీలు, సొంత బూట్లు, సొంత హెల్మెట్, గరాజ్‌లో వాటిని తగిలించుకోడానికి సొంత గోడ. "ఇంత దూరం వచ్చి స్కీ చెయ్యకుండా వెళ్తావా తమ్ముడూ, సిగ్గుచేటు" అన్నారు శుక్రవారం రాత్రి పెరుగన్నం దగ్గర. అంతే, పొద్దున్న 5 గంటలకి కారులో ఉన్నాం. ఆలస్యమైతే ఐ-70 హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని, కొండ చేరేసరికి మధ్యాహ్నం అవుతుందట.

దారి పొడుగునా స్కీలా, స్నోబోర్డా అనే చర్చ. చర్చ అంటే ఆయన చెప్తున్నారు, మేం వింటున్నాం. 1965 క్రిస్మస్ రోజున మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఒకాయన కూతుళ్ల కోసం రెండు స్కీలు పక్కపక్కన పెట్టి బిగించి ఇచ్చాడట, ఈ స్నోబోర్డులన్నిటికీ అదే ముత్తాతట. కాళ్లు రెండూ ఒకే చెక్కకి కట్టేసి కొండ మీంచి తోసే ఆట నాకొద్దని మా ఆవిడ అప్పుడే తేల్చేసింది. నేను మాత్రం మొహమాటానికి "చూద్దాంలే అన్నయ్యా" అన్నాను. అదే తప్పు. అద్దె షాపులో అడుగు పెట్టగానే ఆయన చెప్పాపెట్టకుండా వెనక నుంచి నన్నొక తోపు తోశారు. అలా తోసినప్పుడు ఏ కాలు ముందు పడితే బోర్డు మీద ఆ కాలు ముందుండాలట. ఎడమకాలు ముందైతే రెగ్యులర్, కుడికాలు ముందైతే గూఫీ. నాకు ముందు పడినవి చేతులు, అవి కూడా మంచులో పెట్టుకునే కళ్లజోళ్లు వేలాడదీసిన స్టాండు మీద పడ్డాయి. ఆ రెండు మాటల్లో దేనికీ చెందనని తేలింది కాబట్టి స్కీలు ఖాయం చేశారు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. అసలు కథ ఆ టాబ్లెట్ దగ్గర.

అద్దె సామాను ఇచ్చే ముందు మన వివరాలు మనమే ఎక్కించాలి. దానికో టాబ్లెట్, ఛాతీ ఎత్తు స్టాండు మీద, తెర క్యూ వైపు తిరిగి ఉంది. అక్షరాలు ఒక్కోటీ మన ఆర్టీసీ బస్సు బోర్డు మీద ఊరి పేరంత. నా వెనక మా ఆవిడ, ఆవిడ వెనక అన్నయ్య, వదిన, వాళ్ల పెద్దమ్మాయి, మా వాడు, ఆ వెనక ఓ పాతికమంది తెల్లవాళ్లు, అందరికీ చేసే పనేం లేదు కాబట్టి అందరూ నా తెరే చూస్తున్నారు.

పేరు, వయసు అయిపోయాయి. ఎత్తు అడిగింది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా 5 అడుగుల 8 అంగుళాలు అని కొట్టేశాను. దీనికో చరిత్ర ఉంది. పెళ్లి బయోడేటాలో మా మేనమామ రాసిన ఎత్తు అది. "అంగుళం అంగుళం ఎవడు కొలుస్తాడ్రా" అని 6ని 8 చేశాడు. ఆ రోజు నుంచి 16 ఏళ్లుగా ఆ మాట మీదే నిలబడ్డాను. ఇప్పుడు మా ఆవిడ చూస్తుండగా మాట మార్చడం బాగోదు కదా.

తర్వాత బరువు అడిగింది. అది కూడా పౌండ్లలో.

నాకు అర్థం కానిది ఏంటంటే, ఈ షాపులో బూటు సైజు సెంటీమీటర్లలో ఉంటుంది, మన పాదం పొడవు ఎంతో అదే సైజు. బూటు అడుగు పొడవు మిల్లీమీటర్లలో, మడమ దగ్గర అచ్చుకొట్టి మరీ ఉంటుంది. స్కీ పొడవు కూడా సెంటీమీటర్లలోనే. అంటే కొండ మీద ఉన్న ప్రతి వస్తువూ చక్కగా మెట్రిక్‌లో ఉంది, వాటిల్లో దూరి నిలబడాల్సిన మనిషి మాత్రం అడుగుల్లో, అంగుళాల్లో, పౌండ్లలో ఉండాలి. ఎవరిదీ ఆలోచన? ప్రపంచం నలుమూలల నుంచీ మనుషులు వచ్చే చోట, కిలోలు అని ఓ చిన్న బటన్ పెడితే వాళ్ల సొమ్మేం పోయింది?

సరే. నా అసలు బరువు 84 కిలోలు. ఈ సంగతి నాకూ, హెల్త్ చెకప్ చేసిన ల్యాబ్ వాళ్లకీ తప్ప ఎవరికీ తెలీదు. ఇంట్లో చలామణిలో ఉన్న బరువు 76. కానీ ముందురోజు రాత్రే అన్నయ్య నా పొట్ట వంక చూసి "ఏం తమ్ముడూ, డెబ్బై దాటావా?" అని నవ్వారు, "ఆ, డెబ్బై రెండు" అన్నాను. అంటే ఇప్పుడు నాకు మూడు బరువులున్నాయి, వాటిలో ఒక దానికి ప్రత్యక్ష సాక్షి వెనకే నిలబడి ఉన్నాడు. కాబట్టి 72. దాన్ని పౌండ్లు చెయ్యాలి.

మామూలుగా అయితే నాకు లెక్కలు బాగానే వచ్చు. కానీ వెనక పాతికమంది నిలబడి చూస్తుంటే పదో ఎక్కం కూడా గుర్తురాదు. దేన్నో దేంతోనో గుణించాలని తెలుసు. దశాంశం ఉందని తెలుసు. వారం రోజులుగా కారు ముందు సీట్లో కూర్చుని మైళ్లని కిలోమీటర్లు చేసుకుంటూ ఉన్నాను కదా, నాలిక చివర ఉన్న అంకె ఒక్కటే, 1.6. కొట్టేశాను. 72ని 1.6తో గుణిస్తే 115. కొంచెం తక్కువ వచ్చిందే అని అనుమానం వచ్చిన మాట నిజమే, దాచను. కానీ తక్కువ వచ్చినందుకు బాధపడే అలవాటు నాకు లేదు.

115 పౌండ్లంటే 52 కిలోలు. సరిగ్గా ఇంటర్ రెండో సంవత్సరంలో నా బరువు. నాకెందుకంత బాగా గుర్తంటే, విజయవాడ స్టేషన్లో రంగు బల్బులు తిరిగే బరువు మిషన్ ఎక్కి రూపాయి వేస్తే దళసరి అట్టముక్క టిక్కెట్టు వచ్చింది, ఒకవైపు 52, రెండోవైపు 'త్వరలో మీరు ఉన్నత స్థానానికి చేరుకుంటారు' అని. ఆ జోస్యం ఫలించడానికి పాతికేళ్లు పట్టింది. చేరుకున్నాను, సముద్రమట్టానికి 9,000 అడుగుల పైన, అదే బరువుతో.

చివరి ప్రశ్న, మీరు ఎలాంటి స్కీయర్? మూడు రకాలున్నాయి. ఒకటో రకం నెమ్మదిగా, జాగ్రత్తగా వెళ్లేవాళ్లు. అది నొక్కాను. ఆ ఫారం మొత్తంలో నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అదే. కింద 'పై వివరాలన్నీ సరైనవే' అన్న చోట వేలితో సంతకం పెట్టాను.

తర్వాతవి త్వరగా అయిపోయాయి. బూట్లు 26.5 ఇచ్చారు, రెండు జతల మేజోళ్లు తొడిగితే ఒకటి విప్పించారు, హెల్మెట్ కింద పెట్టుకున్న మంకీ క్యాప్ కూడా తీయించారు. కౌంటర్ దగ్గర ఓ 19 ఏళ్ల కుర్రాడు కాగితం చూసి, నా మొహం చూడకుండా, బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగుల స్క్రూలు ముందొకటి, వెనకొకటి స్క్రూడ్రైవర్‌తో తిప్పేసి, 148 సెంటీమీటర్ల స్కీలు చేతిలో పెట్టి "ఎంజాయ్" అన్నాడు. తల ఎత్తి ఒక్కసారి, ఒకే ఒక్కసారి నన్ను చూసుంటే ఇదంతా ఉండేది కాదు.

బన్నీ హిల్ అనే పిల్లల వాలు. పైకి తీసుకెళ్లడానికి ఎయిర్‌పోర్టులో సామాను వచ్చే బెల్టు లాంటిది ఉంది, దాని మీద నిలబడి పైకి వెళ్లాను. స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనకభాగాలు దూరంగా పెడితే వేగం తగ్గుతుంది, ఆ ఆకారాన్ని ఇక్కడ పిజ్జా అంటారు. నేర్పే అమ్మాయి "పిజ్జా! పిజ్జా!" అని అరిచింది. నేను మడమలు బయటికి తోశాను. టప్ మని ఎడమ స్కీ ఊడిపోయింది.

ఊడిన స్కీకి రెండు వైపులా చిన్న బ్రేకు కాళ్లుంటాయి, బూటు ఊడగానే అవి మంచులోకి దిగుతాయి, స్కీ ఎక్కడ ఊడిందో అక్కడే బుద్ధిగా ఆగిపోతుంది. నాకు అలాంటి ఏర్పాటు లేదు. నేను వెళ్లిపోయాను.

మళ్లీ పైకి పాక్కుంటూ వచ్చి, వాలుకి అడ్డంగా నిలబడి, కింది వైపు స్కీ ముందు తొడుక్కోవాలట, బూటు అడుగున ఉన్న మంచు గీరెయ్యాలట, వేళ్ల వైపు ముందు దూర్చి మడమ నొక్కాలట. నొక్కాను. నాలుగు అడుగులు కదిలాను. టప్. ఈసారి కుడిది. ఏడుసార్లు జరిగింది. ఐదేళ్ల పిల్లలు, కర్రలు కూడా లేకుండా, నా చుట్టూ తిరిగి వెళ్లిపోతున్నారు. ఒకడు ఆగి నా స్కీ తెచ్చిచ్చాడు కూడా, ముక్కు కారుతున్న చంటోడు. అన్నయ్య మాత్రం పై నుంచి ఝుమ్మని వచ్చి పక్కన ఆగి, ఆగేటప్పుడు లేచిన మంచంతా నా మీద చల్లి, "మోకాళ్లు వంచాలి తమ్ముడూ, నేను చెప్తూనే ఉన్నాగా" అన్నారు. ఎనిమిదోసారి మోకాలు ఆయన చెప్పినట్టే వంగింది, అయితే పక్కకి.

షాపుకి కుంటుకుంటూ వెళ్లాం. అదే కుర్రాడు. నా ఫారం తెరిచి చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫారం చూశాడు. అప్పుడు చెప్పాడు, చాలా ఓపిగ్గా, షాపంతా వినిపించేలా. పడినప్పుడు ఎముక విరగకుండా స్కీ ఊడిపోవాలి, కానీ ఊరికే ఊడకూడదు, ఆ పట్టు ఎంతుండాలో బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీయర్ రకం కలిపి ఒక పట్టిక చూసి పెడతారట. ఆ పట్టికలో బరువు ఒక వరస, ఎత్తు ఇంకో వరస చూపిస్తే, రెండిట్లో తక్కువ పట్టు ఉన్న వరసే తీసుకుంటారట. అంటే 16 ఏళ్లుగా నేను కాపాడుకుంటూ వచ్చిన ఎత్తు అబద్ధాన్ని మిషన్ అసలు లెక్కలోకే తీసుకోలేదు, బరువు అబద్ధాన్ని మాత్రం నెత్తిన పెట్టుకుంది.

"115 పౌండ్లా?" అన్నారు అన్నయ్య తెర మీదికి వంగి. "మా పెద్దమ్మాయి బరువు కదా అది!"

"అవునా నాన్నా, నాది కూడా అలా అందరికీ చెప్పు" అని ఆ పిల్ల హెల్మెట్ పెట్టేసుకుని బయటికి వెళ్లిపోయింది.

కుర్రాడు పెన్ను పట్టుకుని అసలు బరువు చెప్పమన్నాడు. మెల్లగా 185 అన్నాను. "సారీ?" అన్నాడు. వెనక ఏదో మిషన్ మీద స్కీలకి మైనం పూస్తున్నారు, ఆ రొదలో వినపడలేదట. రెండోసారి చెప్పాను. మూడోసారి అరిచి చెప్పేసరికి ఆ మిషన్ ఆగింది.

"ఎత్తు కూడా ఓసారి చూసేద్దాం" అని గోడకి అంటించిన కొలత దగ్గర నిలబెట్టాడు. నిలబడ్డాను. సరిగ్గా 5 అడుగుల 8! నేను మా ఆవిడ వైపు చూశాను. జీవితంలో మొదటిసారి ఆ అంకె నా తల మీద కనిపిస్తోంది, ఫోటో తియ్యమందామని నోరు తెరిచాను కూడా.

"బూట్లు విప్పి నిలబడండి సార్" అన్నాడు వాడు.

నాలుగు బకిల్స్, పైన ఓ పట్టీ. విప్పుతున్నంతసేపూ మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. విప్పాక కొలత చూసి, ఫోన్ తీసి, "ఏమండీ, ఇండియాలో ఇప్పుడు టైమెంత? మా నాన్న పడుకుని ఉంటారా?" అంది.

ఆయన పడుకోలేదు. ఇప్పటికి రెండుసార్లు వీడియో కాల్ చేశారు, నేను ఎత్తలేదు. వదినేమో వంటింట్లోంచి పిలుస్తోంది, ఈ బఠానీలు ఉప్మాలోకి కావాలట.