అర నిమిషం ప్రొటోకాల్

2018 మే 3న ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో 65వ జాతీయ చలనచిత్ర అవార్డుల సభ జరిగింది. ఆ రోజు అలిగి సభకు రాని కళాకారులకు పరిపాలన అంటే ఏమిటో బొత్తిగా తెలియదని మనవి చేసుకుంటున్నాను. అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏ అవార్డుల సభలోనైనా గంటకు మించి ఉండేవారు కాదు. ప్రొటోకాల్! అందుకని ఆయన పదకొండు మందికి ఇస్తారు, మిగతావాళ్లు అప్పటి సమాచార, ప్రసార శాఖ మంత్రి స్మృతి ఇరానీ చేతుల మీదుగా పుచ్చుకోవాలి. నూట ఇరవై మందికి తలా అర నిమిషం చొప్పున ఇచ్చినా గంటే కదా అని లెక్క కట్టే దుర్మార్గులు ఎక్కడైనా ఉంటారు. వాళ్లను పట్టించుకోకండి.

ఈ శుభవార్త విజేతలకు ఎప్పుడు చెప్పారనుకున్నారు? ముందురోజు, రిహార్సల్లో! ఆ ముచ్చట కాస్త ఊహించుకోండి. ఎటునుంచి స్టేజీ ఎక్కాలి, ఎక్కడ ఆగాలి, ఎంత వంగి నమస్కారం పెట్టాలి, ఫొటోకు ఎటు తిరగాలి అన్నీ నేర్పించి, చివర్లో ‘అన్నట్టు, మీకిచ్చేది రాష్ట్రపతి కాదండీ’ అంటే ఎలా ఉంటుంది? వంగిన నడుము అక్కడే పట్టేయదూ? గంట సంగతి వారాల ముందే సమాచార, ప్రసార శాఖకు చెప్పామని రాష్ట్రపతి భవన్ తేల్చేసింది. అంటే కబురు ఢిల్లీలోనే ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు చేరి, అక్కడే హాయిగా నిద్రపోయిందన్నమాట.

విజేతలు నిరసనగా ఉత్తరం రాశారు, సంతకాలు పెట్టారు. యాభై మందికి పైగా సభకే రాలేదు. ఏసుదాసు గారు సంతకమూ పెట్టారు, అవార్డూ పుచ్చుకున్నారు. పెద్దవారు, వదిలేద్దాం.

పెద్ద హీరోలకు దండలకేం కొదవ? కానీ లక్షద్వీప్‌లో మాట్లాడే జసరీ భాషలో ‘సింజార్’ తీసినవాళ్ల మాటేమిటి? ఏళ్ల తరబడి చీకటి గదిలో కూర్చుని శబ్దాలు సరిచేసేవాడి మాటేమిటి? ఆ పేరు తెరమీద పడేసరికి మనం పార్కింగ్‌లో ఉంటాం. అలాంటివాణ్ణి జన్మకో రోజు దేశం పేరు పెట్టి పిలుస్తుంది. పిలిచి, నువ్వు రెండో వరస అంటారా? అవార్డు ‘జాతీయం’ అని రాసి, అందులో మళ్లీ పంక్తి భేదమా? సిగ్గుండాలి! ఆ అర నిమిషం ఇవ్వలేనివాళ్లు అసలు పిలవడమెందుకు?

మరుసటి విడత సభ 2019 డిసెంబరులో జరిగింది. ఈసారి తకరారు లేకుండా ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారే అవార్డులు ఇచ్చారు. విజేతలను రాష్ట్రపతి భవన్‌కు టీకి పిలిచారు. పదకొండు కప్పులే అని కోత పెట్టినట్టు మాత్రం ఎక్కడా వినలేదు.